రంగు మారని రాయి

బాబూఘాట్ నుంచి హౌరా వెళ్ళే లాంచీలో ఆ ఉదయం నిలబడ్డానికి కూడా చోటు లేదు. మే నెల ఎండకి రేకు కప్పు అప్పుడే కాలిపోతోంది. హుగ్లీ మీద గాలన్నది లేదు. సాల్మన్ రాజు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి చొక్కా జేబు మీదే ఉంచి నిలబడ్డాడు. జేబులో నశ్యం డబ్బా ఉంది. ఆయనకి నశ్యం అలవాటు లేదు. డబ్బాలో దూది ఉంది. ఆ దూదిలో బియ్యపు గింజంత పచ్చరాయి ఉంది.

జెట్టీ దగ్గర పడుతుండగా లాంచీ ఒక్క కుదుపు కుదిపింది. వెనక ఉన్న మనిషి ఆయన మీద పడ్డాడు.

"సారీ దాదా."

నడుము దగ్గర చీమ కుట్టినట్టయింది. సాల్మన్ రాజు వెనక్కి తిరగబోయాడు. మెడ తిరగలేదు. మోకాళ్ళు వాటంతటవే మడతపడ్డాయి. ఎండదెబ్బ అనుకుని ఎవరో నీళ్ళు పట్టారు. ఎవరో మడతపెట్టిన పేపరుతో విసిరారు. జెట్టీకి తాడు కట్టేసరికి ప్రాణం పోయింది.

సారీ చెప్పిన మనిషి జనంలో కలిసిపోయాడు. నశ్యం డబ్బా కూడా అతనితోనే పోయింది.

* * *

కోల్‌కతా డల్హౌసీ స్క్వేర్‌లో ఒక టీ బ్రోకర్ ఆఫీసు ఉంది. దాని పై అంతస్తులో టీ వాసన తప్ప టీ వ్యాపారం లేదు. అక్కడ కూర్చునేది వెంకటరత్నం, ఇంటెలిజెన్స్ తూర్పు విభాగం చీఫ్.

"కూర్చో జెఫ్రీ."

"నిలబడే వింటాను సార్."

జెఫ్రీ ఒకచోట కుదురుగా నిలబడే రకం కూడా కాదు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు, బల్ల మీది పేపర్ వెయిట్ తిప్పాడు. విభాగంలో అతనంత ఓపికగా నిఘా వేసే ఏజెంట్ లేడు. పని లేనప్పుడు మాత్రం కాళ్ళు నిలవవు. ఈ ఉదయం ఆ కాళ్ళకి వేరే కారణం ఉంది.

"చనిపోయినాయన నీకు తెలుసు కదూ?" అన్నాడు వెంకటరత్నం.

"సాల్మన్ బాబాయి. గార్డెన్ రీచ్‌లో మా పక్క క్వార్టరు. మా నాన్న డాక్‌లో క్రేన్ నడిపేవాడు. ఈయన శిబ్‌పూర్‌లో క్రిస్టల్ ల్యాబు. ఎక్స్‌రే వేసి ఏ రాయి ఏదో చెప్పేవాడు. నాకు సైకిలు నేర్పింది ఆయనే."

"అందుకే నిన్ను పిలవకూడదనుకున్నాను. తీరా చూస్తే ఆయన ఇంట్లోకి పరాయివాడిగా కాకుండా వెళ్ళగలిగేది నువ్వొక్కడివే."

వెంకటరత్నం బ్రీఫింగ్ ఎప్పుడూ పొడిమాటల్లోనే ఉంటుంది. అలీపూర్ చౌధురీ మహల్‌లో ఈ సాయంత్రం అరుదైన ఖనిజాల ఎగ్జిబిషన్ ప్రారంభం. ఖర్చంతా ఫెలిక్స్ మారో అనే విదేశీ కలెక్టర్‌ది. ముఖ్య అతిథులు పదకొండు దేశాల పోర్ట్ సెక్యూరిటీ అధిపతులు. రేపు వాళ్ళు ఇక్కడే ఉమ్మడి నిఘా ఒప్పందం మీద సంతకాలు పెడతారు. పెడితే సముద్రం మీద ఆయుధాల దొంగ రవాణా ఆగిపోతుంది. ఆ రవాణాతో బతికే ముఠా పేరు నార్త్‌లైట్. మారో ఆ ముఠా మనిషని అనుమానమే తప్ప ఆధారం లేదు.

"ఎగ్జిబిషన్‌లో ముఖ్యమైన రాయి ఒక ఆర్గానిక్ మినరల్. పేరు ఒక్కసారే చెప్తాను, రెండోసారి నా వల్ల కాదు. జెమ్‌చుజ్నికొవైట్. ఒక రష్యన్ శాస్త్రవేత్త ఇంటిపేరట. అందులో ముత్యం అనే మాట ఉంది. కాబట్టి మనకి కోడ్ వర్డ్ 'ముత్యం'. పోయిన వారం కస్టమ్స్ కోసం దాన్ని పరీక్షించి అసలుదే అని చెప్పింది సాల్మన్ రాజు."

"అసలుదే అని చెప్పినవాణ్ణి ఎందుకు చంపుతారు?"

"అదే నీ పని." వెంకటరత్నం చిన్న తోలుసంచీ ముందుకు తోశాడు. "పెన్ టార్చ్, చెవిలో పెట్టుకునే మైకులు. నువ్వు ఏసీ మెకానిక్‌వి. లోపల మన మనిషి ఒకరున్నారు. సమీర, ఎగ్జిబిషన్ క్యూరేటర్. రెండేళ్ళుగా మారో దగ్గర పనిచేస్తూ మనకి సమాచారం ఇస్తోంది. పులస దొరికిందా అని అడుగు. ఇక్కడ దాన్ని ఇలిష్ అంటారు అని చెప్తే ఆవిడే."

* * *

ఏక్‌బాల్‌పూర్‌లో ఆ ఇంటి ముందు చెప్పులు గుట్టగా పడున్నాయి. పాస్టరుగారు వచ్చి వెళ్ళారు. పుష్పరాణి గోడకి ఆనుకుని కూర్చుంది. జెఫ్రీ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"పిన్నీ."

"ఒచ్చినావా నాన్నా. సూడు, పొద్దున్న టిఫిన్ డబ్బా కట్టిచ్చినాను. డబ్బా ఒచ్చింది, మనిసి రానేదు."

జెఫ్రీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మెల్లిగా అడిగాడు. "నిన్న బాబాయి ఎలా ఉన్నాడు? ఏమైనా అన్నాడా?"

"ఏటంతాడు, అన్నమే తిన్నేదు. ఆ ఎగ్జిబిసన్‌కాడ పెట్టెలిప్పినప్పుడు అడుగున చిన్న ముక్క రాలి పడుందట. పారీసేదే గదాని తెచ్చీసినాడు. ఇంక సూసుకో! కిటికీ కాడికెల్లి ఎండలో సూసీవోడు, లోపలికొచ్చి ఆ పాత గుండ్రం బల్బు కింద సూసీవోడు. మల్లీ కిటికీ. ఏటయ్యా ఈ తిరుగుడంటే, 'రంగు మారట్లేదే పుష్పా' అన్నాడు. 'మారకపోతే మారకపోనీ, కూడు తిను' అన్నాను. నానేటి ఎరుగుదును?"

"ఎవరికైనా చెప్పాడా?"

"ఎవులికో ఫోను సేసినాడు. ఇంగిలీసులో మాటాడినాడు. పొద్దున్నే ల్యాబుకెల్లి మిసన్లో ఎడతానన్నాడు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంత సిన్న రాయికి మనిసిని సంపీసినారా, జెఫ్రీ?"

లేచేటప్పుడు ఆమె చెయ్యి విడిపించుకోవడానికి జెఫ్రీకి కాస్త సమయం పట్టింది.

* * *

కోల్‌కతాలో ఎక్కడ ఆగినా ఎవరూ తలెత్తి చూడని బండి ఒకటుంది. అది చెత్త లారీ. విభాగం అలాంటిదొకటి ఉంచుకుంది. దాన్ని నడిపేది బైరాగి, కార్పొరేషన్‌లో డ్రైవరుగా రిటైరైన మనిషి. ముందు సీట్లో అతని పక్కన సాల్మన్ రాజు పనిచేసిన ల్యాబు అధిపతి డాక్టర్ విజయ కుమారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం ఎగ్జిబిషన్‌లో ఆ రాయి గురించి ప్రసంగించాల్సింది ఆవిడే. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"బాబాయి రంగు మారట్లేదన్నాడు, మేడమ్," అన్నాడు ఆవిడ పక్కన ఇరుక్కుని కూర్చున్న జెఫ్రీ. "అంటే ఏమిటి? నాకు కెమిస్ట్రీలో ఎప్పుడూ అత్తెసరు మార్కులే."

"చుక్కకూర పులుపు తెలుసు కదా? అది ఆక్జాలిక్ ఆమ్లం. చెట్లలో ఉంటుంది. ఎప్పుడో చచ్చిపోయిన చెట్లు సైబీరియాలో, లేనా నది కింది భాగంలో, బొగ్గయ్యాయి. ఆ బొగ్గులో పుట్టిన ఆక్జలేటు సోడియంతో, మెగ్నీషియంతో, అల్యూమినియంతో, కాస్త ఇనుముతో జత కట్టింది. ఎన్నటికీ కరగని మంచునేల అడుగున డ్రిల్లింగ్ చేస్తే పచ్చటి స్ఫటికంగా బయటపడింది. ప్రాణి నుంచి వచ్చిన కార్బన్ ఉంది కాబట్టి ఆర్గానిక్ మినరల్. వేల ఖనిజాల్లో అలాంటివి చాలా కొద్ది."

"రంగు?"

"పగటి వెలుగులో పొగపట్టిన పచ్చ. పాత ఫిలమెంటు బల్బు కింద ఊదారంగు. మారకపోతే అది అసలు రాయి కాదు."

బైరాగి గేరు మార్చాడు. "అయితే డూప్లికేటు. గాజుముక్క. దానికి మనిసిని సంపడమేటి?"

"గాజుముక్క అయితే చంపరు." విజయ కుమారి రుమాలు తీసేసింది. "ఆ రాయి లోపల తేనెపట్టులా ఉంటుంది. మూలల్లో లోహాలు స్తంభాలు. వాటి మధ్య ఆక్జలేటు దూలాలు. అన్నీ ఖాళీ గదులు. ఆ గదుల్లో నీళ్ళు దాక్కుంటాయి. అలాంటి కట్టడాన్ని మనిషే మొదట ల్యాబులో కట్టానని గొప్పలు చెప్పుకున్నాడు. భూమి అంతకు ఎంతోముందే కట్టి పెట్టుకుంది."

"అంటే ల్యాబులో కూడా కట్టొచ్చు."

"కట్టొచ్చు. గదుల కొలత మార్చి, నీళ్ళ బదులు వాయువుని నింపొచ్చు. చల్లగా ఉన్నంతసేపూ లోపలే పడుంటుంది. వేడి తగిలితే బయటికొస్తుంది."

"ఏ వాయువునైనా?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. "ఏ వాయువునైనా, జెఫ్రీ గారూ."

ఖిదిర్‌పూర్ బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగింది. జెఫ్రీ డాష్‌బోర్డు మీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు. బైరాగి ఆ చేతి మీద చెయ్యేసి ఆపాడు.

"ఊరుకో బాబూ. నీ దరువుకి ఈ జాములో బండి కదల్దు."

* * *

చౌధురీ మహల్ వెనక వరండాలో ఏసీ యంత్రాలు రొద చేస్తున్నాయి. నీలం యూనిఫారంలో ఉన్న మెకానిక్ పానాతో ఏదో బిగిస్తున్నాడు. మెట్ల మీద హీల్స్ చప్పుడు వినిపించింది. తెల్లటి జాందానీ చీర, మెడలో పచ్చల హారం. వచ్చిన మనిషిని చూసి గేటు దగ్గరి సెంట్రీ తన తుపాకీని కూడా మరిచిపోయాడు.

"మేడమ్, మార్కెట్‌లో పులస దొరికిందా?"

"ఇక్కడ దాన్ని ఇలిష్ అంటారు." సమీర నవ్వింది. హైదరాబాదులో పెరిగిన తెలుగు. "మీరేనా జెఫ్రీ? ఫోటోలో ఇంకొంచెం పొడుగ్గా ఉన్నారు."

"యూనిఫారం పొట్టిది. చెప్పండి."

"వేదిక మీద గాజుపెట్టెలో ఉన్న ముత్యం. అదే బాంబు. పరీక్ష అయ్యాక మార్చేశారు. ప్రారంభమవగానే స్పాట్‌లైట్లు వేస్తారు, వేడెక్కుతుంది. మీరు దాన్ని తీసేస్తే చాలు." ఆమె గొంతు తగ్గించింది. "సాల్మన్ రాజు గారి విషయం విన్నాను. పాపం. రంగు మారలేదన్న ఒక్క మాటకి మనిషిని చంపేస్తారా?"

జెఫ్రీ పానా తిప్పుతూనే ఉన్నాడు. రంగు మాట తను ఎత్తలేదు. అది పుష్పరాణి పిన్నికి తెలుసు, లారీలో ఉన్న ముగ్గురికి తెలుసు. ఇంకొకరికి తెలుసు. నిన్న సాల్మన్ బాబాయి ఎవరికి ఫోన్ చేశాడో ఆ మనిషికి. రాయి మీద అనుమానం వస్తే క్యూరేటర్‌కి కాక ఇంకెవరికి చేస్తాడు? ఆ సంగతి సమీర విభాగానికి చెప్పలేదు. మారోకి చెప్పింది. తెల్లారేసరికి లాంచీలో మనిషి కాచుకుని ఉన్నాడు.

"చాలా పాపం మేడమ్," అన్నాడు. "స్పాట్‌లైట్ల సంగతి నేను చూసుకుంటాను."

* * *

హాల్లో అలంకరణలు పూర్తవుతున్నాయి. జెఫ్రీ నిచ్చెన వేసుకుని, వేదిక మీది గాజుపెట్టె పక్కన ఏసీ గొట్టం సర్దుతున్నట్టు నటించాడు. పెన్ టార్చ్‌లో రెండు దీపాలున్నాయి. పగటి వెలుగు వేశాడు. రాయి పొగపచ్చగా ఉంది. ఫిలమెంటు వెలుగు వేశాడు.

పచ్చదనం కరిగి, లోపలెక్కడో నేరేడుపండు పిండినట్టు ఊదారంగు పాకింది.

అసలు రాయి. సమీర అబద్ధం చెప్పింది. ఈ పెట్టె చుట్టూ తిరుగుతూ తను సాయంత్రం గడిపేయాలి, అంతే. మరి బాబాయికి దొరికిన ముక్క ఏ రాయి నుంచి రాలింది? అదే పెట్టెల్లో ఇంకేవో రాళ్ళు వచ్చి ఉండాలి.

నిచ్చెన మీది నుంచి అతను హాలంతా చూశాడు. పాత జమీందారు వేలాడదీసిన షాండ్లియర్లు వెలిగాయి. అన్నీ పాత ఫిలమెంటు బల్బులే. ఆ పసుపు వెలుగులో ముందు వరస బల్లల మీద చిన్న చిన్న గాజు దీపాలు బారుగా ఉన్నాయి. ఒక్కో దీపంలో బల్బు, దాని పైన ఉసిరికాయంత రాయి, కింద ఇత్తడి పలక మీద ఒక్కో దేశం పేరు. అతిథులకి జ్ఞాపికలు.

ఒక్కటీ ఊదాగా లేదు. అన్నీ పచ్చగానే ఉన్నాయి.

తలుపులు తెరుచుకున్నాయి. అతిథులు లోపలికి వస్తున్నారు.

జెఫ్రీ నిచ్చెన దిగి స్తంభం చాటుకి వెళ్ళి చీఫ్‌కి ఫోన్ చేశాడు. వెంకటరత్నం ఒక్క క్షణమే ఆలోచించాడు. "హాలు ఖాళీ చేయిస్తే?"

"ప్రోగ్రాం ప్రకారం జ్యోతి ప్రజ్వలన బదులు దీపాలన్నీ రిమోట్‌తో ఒకేసారి వెలిగిస్తారు సార్. రిమోట్ మారో దగ్గర. గొడవైతే ఇప్పుడే నొక్కి బయటికి పరిగెడతాడు."

"జామర్ పంపడానికి టైం లేదు. నీ చేతిలో ఏముంది?"

జెఫ్రీ వేదిక వైపు చూశాడు. మైకు ముందు విజయ కుమారి కళ్ళజోడు తుడుచుకుంటోంది. "ప్రజ్వలనకి ముందు మేడమ్ ప్రసంగం ఉంది సార్. అదొక్కటే ఉంది."

* * *

"మేడమ్, వినపడితే కళ్ళజోడు సర్దుకోండి," అన్నాడు జెఫ్రీ, లారీలోనే ఆవిడకిచ్చిన చెవి మైకులో.

విజయ కుమారి సర్దుకుంది.

"విషం జ్ఞాపికల్లో ఉంది. మీరు ప్రసంగం ఆపితే దీపాలు వెలుగుతాయి. నేను చెప్పేదాకా ఆపకండి. మారో మీ పక్కనే ఉన్నాడు. అతను కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళకూడదు, చెయ్యి జేబులోకి పోకూడదు."

సాల్మన్ రాజు ఇరవై ఏళ్ళు ఆవిడ పక్క గదిలో పనిచేశాడు. ఆవిడ మైకు తన వైపు వంచుకుంది.

"మిత్రులారా, ఈ ఖనిజం కథ క్లుప్తంగా చెప్పడం దానికి అన్యాయం చేసినట్టే," అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

ముందు చెట్ల నుంచి మొదలుపెట్టింది. చెట్టు ఆకులో ఆక్జలేటు ఎలా చేరుతుందో, చెట్టు కూలి బురదలో కుళ్ళి బొగ్గెలా అవుతుందో చెప్పింది. ప్రతినిధులు మర్యాదగా విన్నారు. బొగ్గులో రకాలన్నీ చెప్పేసరికి కుర్చీలు కిర్రుమన్నాయి. సైబీరియా చలి గురించి చెప్పేసరికి ఒక అడ్మిరల్ గడియారం చూసుకున్నాడు. మారో రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. సన్నగా, వెండి జుట్టుతో, పెళ్ళికొడుకులా తయారై ఉన్నాడు. మోకాలు మాత్రం ఆడుతోంది. ఫోను తీసి చూసి, క్షమాపణగా నవ్వి లేవబోయాడు.

"ఆ! మిస్టర్ మారో లేచారు, సంతోషం!" అంది విజయ కుమారి. "స్ఫటికం నిర్మాణం చూపడానికి నాకు రెండు చేతులు తక్కువయ్యాయి. మన దాతగారే సాయం చేస్తారు."

చప్పట్లు మోగాయి. ఆవిడ బంతులూ పుల్లలతో చేసిన పెద్ద మోడల్ ఎత్తి మారో చేతుల్లో పెట్టింది. అది గుమ్మడికాయంత ఉంది. రెండు చేతులతో పట్టుకుంటే తప్ప నిలవదు.

"కదలకండి సార్, పెళుసుది. ఎర్రబంతులు ఇనుము, అల్యూమినియం ఉండే చోట్లు. ఈ పుల్లలు ఆక్జలేటు. ఒక్కో గదీ లెక్కపెడదాం."

ఆ వెనకాల, సర్వీస్ తలుపు దగ్గర, జెఫ్రీ సమీర మోచెయ్యి పట్టుకున్నాడు.

"ముత్యం అసలుదే. రంగు మారింది."

సమీర కళ్ళు ఒక్కసారి అల్లాడాయి. అంతలోనే నవ్వు సర్దుకుంది. "మీరేం మాట్లాడుతున్నారో..."

"రంగు సంగతి మీకు బాబాయి చెప్పాడు. మీరు మారోకి చెప్పారు. ఇద్దరి జీతం తీసుకుంటున్నారు. అదంతా తర్వాత. ముందు మీ కుర్చీ చూడండి. రెండో వరస, మొదటిది."

ఆమె చూసింది. తన కుర్చీ ముందు బల్ల మీద పన్నెండో దీపం ఉంది. ఇత్తడి పలక మీద ఆమె పేరు నగిషీగా చెక్కి ఉంది.

"దీపాలు వెలిగే టైంకి నన్ను అక్కడే కూర్చోమన్నాడు," అంది సమీర. "నాకు... నాకు ముందే ఫ్లైట్ టికెట్ కొన్నానన్నాడు."

"టికెట్ కొని ఉంటాడు. ఎక్కే మనిషి ఉండదు. రిమోట్ ఎక్కడుంది?"

"కోటు ఎడమ జేబు. ప్రసంగం అవగానే ఫోనొచ్చిందని తలుపు అవతలికి వెళ్ళి నొక్కుతాడు."

"మీరు క్యూరేటర్. మీరు దీపాలు తీస్తే ఎవరూ అడగరు."

ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. ట్రే తీసుకుని, నవ్వుతూ, పలకల మీద స్పెల్లింగ్ తప్పు పడిందని ఒక్కొక్కరి చెవిలో చెప్తూ దీపాలు ఏరడం మొదలుపెట్టింది. మొదట తీసింది తనదే. జెఫ్రీ వాటిని సర్వీస్ తలుపు వెనక అందుకుని, అతిథులకోసం తెచ్చిన ఐస్‌క్రీమ్ పెట్టెలోకి, ఐసుగడ్డల అడుగుకి తోస్తున్నాడు. బ్యాటరీలు సీలు వేసి ఉన్నాయి, ఊడిరావడం లేదు. చల్లగా ఉంటే చాలు. వేళ్ళు మొద్దుబారిపోయాయి.

చెవిలో విజయ కుమారి గొంతు తడారిపోతోంది. "...ఇక డెబ్బయ్యో గది. ఇక్కడ నీటి అణువు ఎలా పడుకుంటుందంటే..."

హాలంతా అశాంతిగా ఉంది. దగ్గులు, గుసగుసలు, నేల మీద బూట్ల రాపిడి. ఒకాయన నిద్రపోయాడు. మారో నుదుటి మీద చెమట కారి కళ్ళలో పడుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఆ మసక కళ్ళతోనే అతను ముందు వరస చూశాడు. బల్లలు బోసిగా ఉన్నాయి. ఖాళీ ట్రేతో సమీర తలుపు దగ్గర నిలబడి ఉంది.

మోడల్ కింద పడింది. రంగురంగుల బంతులు వేదికంతా దొర్లాయి. మారో చెయ్యి జేబులోకి వెళ్ళింది.

సర్వీస్ తలుపు వెనక ఐసు అడుగున పదకొండు దీపాలు ఒక్కసారి వెలిగాయి. ఐసుపెట్టె ఆకుపచ్చ లాంతరులా మెరిసింది. జెఫ్రీ మూత వేసి, మూత మీద ఇనప నిచ్చెన పడేశాడు. అప్పుడు తట్టింది. దేశాలు పదకొండు, సమీరది ఒకటి. ట్రేలో వచ్చినవి పదకొండే.

మిగిలినది వేదిక మీద, ఆ పదకొండు మందిలో ఒకరైన సమావేశ అధ్యక్షురాలి ముందు ఉంది. మారో పక్కనే ఉండడంతో సమీర అటు వెళ్ళలేదు. ఆ దీపం ఇప్పుడు వెలుగుతోంది. తెల్లటి జుట్టున్న ఆ పెద్దావిడ ముచ్చటపడి దాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకుంటోంది.

జెఫ్రీ పరిగెత్తాడు. ఒక బల్ల మీద కాలేసి దూకాడు. ఎవరో అరిచారు. సెక్యూరిటీ గార్డు చొక్కా పట్టుకుంటే చొక్కా చిరిగి అతని చేతిలో ఉండిపోయింది. పెద్దావిడ చేతిలోంచి దీపం లాక్కున్నాడు. గాజు అప్పటికే వేడెక్కింది. రాయి మీద సన్నటి చెమట పడుతోంది. మంచినీళ్ళ ఐసుజగ్గులో దాన్ని మోచేతి దాకా ముంచేశాడు.

టప్‌మని బల్బు పగిలింది. పచ్చరాయి మెల్లిగా జగ్గు అడుగుకి జారింది. ఒక బుడగ పైకి వచ్చింది. జెఫ్రీ ఊపిరి బిగబట్టి చూశాడు. ఆ బుడగ నీటి మీద పగిలింది. అది గాలే. జగ్గు మీద అరచెయ్యి నొక్కిపెట్టి, ఇంకో బుడగ రాదని నమ్మకం కుదిరేదాకా కదల్లేదు.

మారో అప్పటికే పక్క తలుపులోంచి వెనక గేటు వైపు పరిగెడుతున్నాడు, ముఖానికి మాస్కు ఎక్కించుకుంటూ. అక్కడ అతని నల్ల కారు ఉంది. దానికి అడ్డంగా కార్పొరేషన్ చెత్త లారీ ఉంది. మారో లారీ మీద గుద్దాడు, అరిచాడు.

బైరాగి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏటి దాదా, ఏటా కంగారు? లిఫ్టు కావాలేటి?"

వెనక డబ్బా తలుపు తెరుచుకుంది. లోపల కూర్చున్న విభాగం మనుషులు నలుగురూ చేతులు చాపి అతన్ని పైకి లాక్కున్నారు. నార్త్‌లైట్ ముఠా ముఖ్యుడు కోల్‌కతా అరటితొక్కల మధ్య అరెస్టయ్యాడు.

* * *

సమీర వరండాలో మెట్ల మీద కూర్చుని ఉంది. పారిపోలేదు. పారిపోతే నార్త్‌లైట్ వెతుకుతుందని ఆమెకి తెలుసు.

"నేను లేకపోతే ఆ దీపాలు తీసేవాళ్ళే లేరు," అంది జెఫ్రీని చూడగానే. "అది రాయండి రిపోర్టులో."

"రాస్తాను. నిన్నటి ఫోను సంగతీ రాస్తాను."

"నాకు ఆయన్ని చంపుతారని తెలీదు జెఫ్రీ. బెదిరిస్తారనుకున్నాను."

"ఆయన ఇల్లు ఏక్‌బాల్‌పూర్‌లో. వెళ్ళి ఆ మాట మా పిన్నికి చెప్పగలరా?"

సమీర సంకెళ్ళకి తనే చేతులు చాపింది.

మర్నాడు సమాధుల తోటలో మట్టి వేయడం అయ్యాక జనం చెదిరారు. ఎండకి పూలు అప్పుడే వాడిపోయాయి. పుష్పరాణి జెఫ్రీ పక్కన నిలబడింది.

"ఆ రాళ్ళు ఎలిగుంటే ఎంతమంది పోదురయ్యా?"

"హాల్లో ఉన్న అందరూ, పిన్నీ."

ఆమె సిలువ మీది పేరుకి అంటిన మట్టి కొంగుతో తుడిచింది. "ఈయనొక్కడి కాడే ఆగిపోనాదన్నమాట," అంది. అతని భుజం పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. జెఫ్రీ తన అడుగు తగ్గించుకున్నాడు. అతని కాళ్ళు అంత నెమ్మదిగా నడవడం ఎవరూ చూసి ఉండరు.

గేటు దాటుతుండగా ఫోన్ మోగింది. అవతల వెంకటరత్నం.

"సంతకాలు అయిపోయాయి. ఒప్పందంలో ప్రతి పేరా మీదా పొద్దుట్నుంచీ కొట్టుకున్నారు. చర్చ లేకుండా ఏకగ్రీవంగా నెగ్గింది ఒక్క తీర్మానమే."

"ఏమిటి సార్ అది?"

"ఇకమీద ఏ సమావేశంలోనూ ఏ శాస్త్రవేత్తా పది నిమిషాలకి మించి మాట్లాడకూడదట."